ఒథెల్లో తీయాలంటే ముందు ఇయాగోని వెతకండి

షేక్‌స్పియర్ ట్రాజెడీ ఒకటి తీసుకుని మన ఊరికి, మన మనుషులకి మార్చి సినిమా తీయాలని చాలామందికి ఉంటుంది, షార్ట్ ఫిల్మ్ గానీ చిన్న బడ్జెట్ ఫీచర్ గానీ. నాలుగు వందల ఏళ్లుగా నిలబడ్డ కథ కాబట్టి స్క్రిప్టు టెన్షన్ సగం తగ్గినట్టే అనిపిస్తుంది. తగ్గుతుంది కూడా. కానీ ఆ తగ్గిన బరువంతా వచ్చి నటీనటుల ఎంపిక మీద కూర్చుంటుంది. చివర్లో ఎవరు చనిపోతారో చూసేవాళ్లకి ముందే తెలుసు, అయినా కదలకుండా కూర్చున్నారంటే "అయ్యో, ఇప్పుడైనా ఒక్క మాట అడిగితే బయటపడిపోతారే" అన్న ఆశతోనే కూర్చుంటారు. ఆ ఆశ డైలాగుల్లోంచి పుట్టదు, మీరు తెర మీద నిలబెట్టిన మనుషుల్లోంచే పుట్టాలి.

నేను ఒథెల్లోని రెండుసార్లు తీశాను. కథ తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో: వెనిస్ సైన్యాధిపతి ఒథెల్లో నల్లజాతివాడు, పెద్దింటి పిల్ల డెస్డిమోనాని పెళ్లాడతాడు. పదోన్నతి తనకి కాకుండా క్యాసియోకి వచ్చిందన్న కసితో, అతని కింద పనిచేసే ఇయాగో ఆమెకీ క్యాసియోకీ సంబంధం ఉందని నమ్మించి అతని చేతే ఆమెని చంపిస్తాడు. మొదటిసారి చెడింది, చెడింది క్యాస్టింగ్ దగ్గరే. ఇయాగో పాత్రకి నాటకాల అనుభవం బాగా ఉన్న ఒక నటుణ్ణి తీసుకున్నాను. లోతైన కళ్లు, బొంగురు గొంతు, ఓరగా చూశాడంటే కెమెరా వెనకున్నవాళ్లకి కూడా ఒళ్లు జలదరించేది. ఆడిషన్ రోజు ఇంతకంటే అదృష్టం ఏముంటుందనుకున్నాను. తీరా ఒక చిన్న హాల్లో యాభై మందికి వేసి చూపిస్తే, అతను కనిపించిన మొదటి సీన్‌కే వెనక వరసలో ఒక పెద్దావిడ పక్కావిడతో "వీడే, కొంప ముంచేది వీడే" అంది. అక్కడితో నా సినిమా అయిపోయింది. మిగిలిన అరగంటా జనం చూసింది ఒక మోసగాణ్ణి, వాణ్ణి నమ్మిన ఒక తెలివితక్కువవాణ్ణి. ఒథెల్లో మీద జాలి పడాల్సిన చోట చిరాకు పడ్డారు. తప్పు ఆ నటుడిది కాదు, నేను అడిగింది అడిగినట్టు చేశాడు. అడగకూడనిది నేను అడిగాను.

అందుకే ఇదంతా ఒథెల్లోనే పట్టుకుని చెబుతున్నాను. మీరు మాక్‌బెత్ తీసినా, దేవదాసు లాంటి మన దేశపు విషాద కథ తీసినా పద్ధతి ఇదే.

ముందు వరసలు, తర్వాతే మొహాలు

ఫోటోలు తెప్పించుకోకముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. కథలో ఎవరు ఎవర్ని నమ్ముతున్నారు, ఎందుకు నమ్ముతున్నారు, అది రాయండి. ఒథెల్లోలో ఇది రాయడం మొదలుపెడితే గీతలన్నీ ఒక్క మనిషి దగ్గరికే వెళ్లి కలుస్తాయి. యుద్ధాల్లో పక్కన నిలబడ్డాడు కాబట్టి ఒథెల్లో ఇయాగోని నమ్ముతాడు. ఉద్యోగం పోయిన క్యాసియో సలహా కోసం వెళ్లేది అతని దగ్గరికే. డెస్డిమోనా మీద ఆశపడ్డ రోడ్రిగో తన డబ్బంతా అతని చేతిలో పోస్తాడు. ఎమీలియా అతని భార్య. ఆఖరికి డెస్డిమోనా కూడా, భర్త మనసు ఎందుకు విరిగిందో తెలియక, నాలుగో అంకంలో మోకాళ్ల మీద కూర్చుని సాయం అడిగేది ఆ ఇయాగోనే. ఐదుగురి నమ్మకం ఒక్కడి మీద ఉంది. అతన్ని ఎన్నుకోకుండా మిగతావాళ్లని ఎన్నుకోవడమంటే గుంజ పాతకుండా పందిరి వేయడమే.

ఆ కాగితం మీదే ఇంకో పని చేయండి, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారో రాయండి. ఇంగ్లీషు నాటకంలో పేరో, హోదానో పెట్టి పిలిస్తే సరిపోయింది. మనకి వరస లేకుండా నోట్లోంచి మాట రాదు. మా రెండో సినిమాలో ఇయాగో ఒథెల్లోని "అన్నా" అంటాడు. డెస్డిమోనా ఇయాగోని "అన్నయ్యా" అంటుంది. ఎమీలియా డెస్డిమోనాని "అమ్మాయిగారూ" అని మొదలుపెట్టి, పెళ్లయ్యాక "వదినా" లోకి వస్తుంది. ఈ నాలుగు పిలుపులు రాసుకోగానే సగం క్యాస్టింగ్ దానంతటదే తేలింది. "అన్నా" అనాలంటే ఇయాగో వయసులో చిన్నవాడు అయి ఉండాలి. మూలంలో కూడా అంతే, తను ఈ లోకాన్ని నాలుగు ఏడుల ఏళ్లు చూశానని అతనే చెప్పుకుంటాడు, అంటే ఇరవై ఎనిమిది. చాలామంది నలభై దాటిన నటుణ్ణి పెట్టి ముదురు మోసగాణ్ణి చేస్తారు. ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడు, పదోన్నతి తనకే వస్తుందని ఇంట్లో చెప్పుకుని రాక అవమానం దిగమింగినవాడు, పూర్తిగా వేరే మనిషి. ఇక "అన్నయ్యా, నువ్వే ఏదో ఒకటి చెయ్యి" అని ఆ అమ్మాయి అతని ముందు కూర్చున్నప్పుడు, ఆ ఒక్క పిలుపు చేసిన పని మా నేపథ్య సంగీతం మొత్తం కలిసి చేయలేకపోయింది.

బంధం మారితే పాత్ర మారిపోతుంది, ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. భార్య ఉసిగొల్పితే రాజుని చంపి గద్దెనెక్కే మాక్‌బెత్ కథని విశాల్ భరద్వాజ్ 2003లో హిందీలో మక్బూల్‌గా తీసినప్పుడు ఇర్ఫాన్ ఖాన్ పక్కన టబు పాత్రని అతని భార్యగా పెట్టలేదు, ముంబై మాఫియా పెద్ద ఉంచుకున్న మనిషిగా పెట్టాడు. ఆ పెద్దని అందరూ అబ్బాజీ అంటారు. రాజుని చంపడం అలా తండ్రిలాంటివాణ్ణి చంపడమైంది. అబ్బాజీగా చేసిన పంకజ్ కపూర్‌కి ఉత్తమ సహాయ నటుడిగా జాతీయ అవార్డు వచ్చింది. కథ నడవడానికి చావాల్సిన పాత్ర కదా అని తేలికగా తీసుకుని ఉంటే ఆ సినిమా నిలబడేది కాదు. చచ్చే మనిషిని జనం ప్రేమించాలి, లేకపోతే చంపిన చేతులకి అంటిన రక్తానికి విలువ ఉండదు.

ఇయాగో ఎక్కడ దొరుకుతాడు

విలన్లలో దొరకడు. నాటకంలో అందరూ అతన్ని నిజాయితీపరుడు, నిజాయితీపరుడు అని పిలుస్తూనే ఉంటారు, చివరి సీన్ దాకా. కాబట్టి చూసేవాళ్లకి కూడా ఆ మాట అనబుద్ధి కావాలి. జయరాజ్ 1997లో మలయాళంలో ఇదే కథని కళియాట్టం పేరుతో తీశాడు, కేరళలో దేవుడి వేషం కట్టి తెయ్యం ఆడే కళాకారుడు ఒథెల్లో అయ్యాడు. ఇయాగో పాత్రకి లాల్‌ని తీసుకున్నాడు. అప్పటికి లాల్ అసలు నటుడు కాదు, సిద్దిక్‌తో కలిసి కడుపుబ్బ నవ్వించే సినిమాలు తీసిన దర్శకుడు, నటుడిగా అదే మొదటి సినిమా. ఆ మొహాన్ని చూసి భయపడాలని ఎవరికీ తెలియదు. 2006లో హిందీ ఒథెల్లో అయిన ఓంకారాలో లంగడా త్యాగి అనే ఇయాగో పాత్రకి సైఫ్ అలీ ఖాన్‌ని తీసుకున్నదీ ఇలాంటి లెక్కే, అప్పటిదాకా అతను పట్నం కుర్రాడి సరదా పాత్రలకి పేరు. నటుడికి జనంలో ఉన్న పేరు కూడా పాత్రలో భాగమే, దాన్ని ఉచితంగా వచ్చిన డైలాగులాగా వాడుకోవచ్చు. 1953లో వేదాంతం రాఘవయ్య దేవదాసు తీసేనాటికి అక్కినేని బాలరాజు, కీలుగుర్రం లాంటి జానపదాల హీరో, గెలవడానికి అలవాటు పడ్డ మొహం. ఆ మొహం ఓడిపోతుంటే చూడటం వేరు.

మా దగ్గర స్టార్లు లేరు కదా అంటారు. ఊళ్లో పేరున్నవాళ్లు ఉంటారు. మా రెండో ఇయాగో ఒక మెడికల్ షాపు కౌంటర్‌లో దొరికాడు. నేను జ్వరం మాత్రల కోసం నిలబడ్డాను, నా ముందు ఒక ముసలాయన. ఈ కుర్రాడు కత్తెరతో స్ట్రిప్‌లోంచి నాలుగు మాత్రలు కత్తిరించి, చిన్న కవర్లో వేసి, కవర్ మీద పెన్నుతో పొద్దున ఒక గీత, రాత్రి ఒక గీత గీసి, "తాతా, అన్నం తిన్నాకే, మర్చిపోకు" అన్నాడు. ఆ ముసలాయన చీటీ తిరిగి చూసుకోలేదు, చిల్లర లెక్క పెట్టుకోలేదు, కవర్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నా ఒళ్లు చల్లబడింది. ఈ కుర్రాడు వేరే మాత్ర ఇచ్చి ఉంటే ఆయన వేసుకునేవాడు. ఆ నమ్మకమే నాకు కావాల్సింది. నటన నేర్పడానికి నెలన్నర పట్టింది, నమ్మకం మాత్రం వాడితోపాటే వచ్చింది.

ఇయాగో ఆడిషన్‌కి ఎప్పుడూ స్వగతాలు ఇవ్వకండి. ఒంటరిగా నిలబడి "నేను చెడ్డవాణ్ణి" అని చెప్పుకునే మాటలు ఇస్తే ప్రతి ఒక్కరూ కళ్లు ఎగరేస్తారు. మూడో అంకం మూడో సీన్ ఇవ్వండి. క్యాసియో డెస్డిమోనాతో మాట్లాడి వెళ్లిపోతుంటాడు, దూరం నుంచి ఒథెల్లో, ఇయాగో వస్తుంటారు, ఇయాగో తనలో తను అనుకున్నట్టు "నాకిది నచ్చలేదు" అంటాడు. "ఏమన్నావ్?" అంటే "ఏం లేదన్నా" అంటాడు. ఈ రెండు ముక్కలే. నటుడికి ఒకటే చెప్పండి: నువ్వు నిజంగానే స్నేహితుడివి, ఈ మాట నీ నోటితో చెప్పడం నీకు ఇష్టం లేదు. "ఏం లేదన్నా" అన్నాక ఎదుటి మనిషి మళ్లీ అడగకుండా ఉండలేకపోతే, అతనే మీ ఇయాగో. నేను ఈ పరీక్షలో నటుడి మొహం కంటే ఎదురుగా సీన్ పేపర్ పట్టుకుని కూర్చున్న అసిస్టెంట్ మొహం ఎక్కువ చూస్తాను.

ఒథెల్లో: పని కావాలి, మనిషి వద్దు

ఒథెల్లో పరాయివాడు. ఎలా పరాయివాడో మీరు తేల్చాలి, తేల్చకుండా "ఏదో బయటివాడు" అని వదిలేస్తే సినిమా నీళ్లోడుతుంది. ఓంకారాలో రంగు స్థానంలో కులం వచ్చింది, బ్రాహ్మణ తండ్రికీ కింది కులపు తల్లికీ పుట్టినవాడు, ఉత్తరప్రదేశ్ రాజకీయాల్లో ఎంత ఎదిగినా సగం మనిషిగానే చూస్తారు. కళియాట్టంలో పూనినప్పుడు దేవుడని మొక్కేవాళ్లే ముఖానికి రంగు కడిగేశాక దూరం పెడతారు, పైగా ముఖం నిండా మశూచి మచ్చలు. రెండింట్లోనూ ఉన్నది ఒకటే, ఊరికి అతని పని కావాలి, అతనికి పిల్లనివ్వడం మాత్రం కుదరదు. మూలంలో కూడా డెస్డిమోనా తండ్రి అతన్ని ఇంటికి పిలిచి మరీ కథలు చెప్పించుకున్నవాడే.

మేము భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద పెట్టుకున్నాం. మా ఒథెల్లో శ్రీకాకుళం వైపు నుంచి కూలికి వచ్చి చెరువులన్నింటి మీదా సూపర్‌వైజర్ అయినవాడు. తుఫాను రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిపోతే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్యంతా తేలిపోతుంది, ఆ రాత్రి జనరేటర్లు మోసుకెళ్లి యజమాని పంట కాపాడింది ఇతను. ఆ యజమాని కూతురే డెస్డిమోనా. చదువుకుని వచ్చిన కుర్రాణ్ణి ఇన్‌చార్జి చేశారని మేత లెక్కలు రాసే ఇయాగోకి కడుపుమంట. క్యాసియో ఒట్టి లెక్కల మనిషి అని ఇయాగో తిట్టేది మూలంలోనే ఉంది, మేము దాన్ని ఆక్వా డిప్లొమా చేశాం అంతే.

ఇక్కడ యాస సంగతి. మన సినిమాల్లో శ్రీకాకుళం యాసని చాలాకాలం నవ్వు కోసమే వాడారు. ఆ అలవాటు జనం చెవుల్లో ఉంది, హీరో నోరు తెరవగానే నవ్వడానికి రెడీగా ఉంటారు. అందుకని ఆ యాస నేర్చుకున్న నటుణ్ణి కాదు, ఆ యాసలో కోపం, ప్రేమ, అవమానం అన్నీ అనుభవించినవాణ్ణి తీసుకోవాలి. గొంతు వేరే వాళ్లతో డబ్బింగ్ చెప్పించొద్దు. మా అతను మొదటి రీడింగ్‌లో తన ఊరి మాట దాచుకుని పుస్తకం భాష మాట్లాడాడు. మీ అమ్మతో ఫోన్లో మాట్లాడినట్టు చదవమంటే పది నిమిషాలు పట్టింది, కానీ ఆ తర్వాత గదిలో ఎవరూ నవ్వలేదు.

రంగు గురించి గట్టిగానే చెబుతాను. తెల్లటి హీరోని తెచ్చి నల్ల మేకప్ పూయడం ఆపేయాలి. 1965 సినిమాలో లారెన్స్ ఒలీవియర్ అంతటివాడు ఒళ్లంతా నల్లరంగు పూసుకుని ఒథెల్లో వేశాడు, ఈరోజు అది చూస్తుంటే నటన కంటే రంగే కనిపిస్తుంది. బ్రాడ్‌వేలో 1943లో నల్లజాతి నటుడు పాల్ రాబ్సన్ వేస్తే ఆ నాటకం 296 ప్రదర్శనలు నడిచింది, అయినా హాలీవుడ్ పెద్ద స్టూడియో సినిమాలో ఒక నల్లజాతి నటుడు, లారెన్స్ ఫిష్‌బర్న్, ఆ పాత్ర వేయడానికి 1995 దాకా ఆగాల్సి వచ్చింది. మన దగ్గర నల్లటి మంచి నటులకి కొదవ లేదు. వాళ్లని ఇలాంటి పాత్రకి కూడా పిలవకపోతే ఇంకెప్పుడు పిలుస్తాం?

ఒథెల్లో ఆడిషన్‌లో అరుపులు వినకండి. కోపం మూడో అంకం నుంచి వస్తుంది, దానికి ముందు అతను కథలు చెప్పి ఒక అమ్మాయి మనసు గెలిచిన మనిషి. కాబట్టి డెస్డిమోనాకి అనుకుంటున్న అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టి, తన జీవితంలో జరిగింది ఏదైనా మూడు నిమిషాలు చెప్పమనండి. ఆ అమ్మాయి తెలియకుండా ముందుకి వంగిందా లేదా చూడండి. చెప్పేది అయిపోయాక "తర్వాతేమైంది?" అని ఆమె అడిగిందంటే, జోడీ దొరికినట్టే.

డెస్డిమోనా ఏడుపు మొహం కాదు

1660 డిసెంబర్ 8న లండన్‌లో ఒక స్త్రీ మొదటిసారి వృత్తి నటిగా రంగస్థలం ఎక్కింది డెస్డిమోనా పాత్రతోనే అని చెబుతారు. అంతకుముందు అబ్బాయిలే వేసేవారు. అంటే షేక్‌స్పియర్ ఈ పాత్రని హీరోయిన్ అందం మీద ఆధారపడి రాయలేదు, మాట మీద ఆధారపడి రాశాడు. నిండు సభలో తండ్రి ఎదురుగా, "అమ్మ తన తండ్రిని కాదని నిన్నెలా ఎంచుకుందో నేనూ అలాగే" అని చెప్పిన పిల్ల ఆమె. తర్వాత క్యాసియో కోసం భర్తని రేపా, ఎల్లుండా, ఏ పూట అని విడవకుండా అడుగుతుంది, ఆ పట్టుదలే ఆమె మెడకి చుట్టుకుంటుంది. కాబట్టి ఆడిషన్‌లో ఏడుపు సీన్ అడక్కండి, ఏదైనా ఒకటి సాధించుకునే సీన్ ఇవ్వండి. ఇంట్లో నాన్నని ఒప్పించి స్కూటీ కొనిపించుకున్న కథ ఆమెనే చెప్పమన్నా సరే. దేవదాసులో పార్వతి కూడా అర్ధరాత్రి తనే నడిచి వచ్చి అడిగిన పిల్ల. సావిత్రి చేసినప్పుడు ఆ పార్వతిలో దీనత్వం కంటే అభిమానం ముందు కనిపిస్తుంది, అందుకే ఆవిడ కన్నీళ్లు మనకి తగులుతాయి.

ఎమీలియా

నన్నడిగితే ఇయాగో తర్వాత రెండో ఎంపిక ఈమె, హీరో హీరోయిన్ల కంటే ముందే. ఒథెల్లో డెస్డిమోనాకి ఇచ్చిన రుమాలు తీసి ఇయాగోకి ఇచ్చేది ఈమె, చివర్లో భర్త నోరు మూసుకోమన్నా మూసుకోకుండా నిజం చెప్పేదీ ఈమే. మూలంలో అందుకు భర్త చేతుల్లోనే చచ్చిపోతుంది. ఓంకారాలో దీన్ని తిప్పారు, అందులో ఎమీలియా అయిన ఇందు తనే భర్తని చంపుతుంది, ఆ పాత్ర చేసిన కొంకణా సేన్ శర్మకి ఉత్తమ సహాయ నటి జాతీయ అవార్డు వచ్చింది. మీరు ఏ ముగింపు ఎంచుకున్నా ఆ నటి మొదటి సీన్ నుంచీ ఆ ముగింపుకి సరిపడా మనిషిలా కనిపించాలి, అలాగని ముందే తెలిసిపోకూడదు. నేను చూసేది చేతులు. వంట చేస్తూ, బట్టలు మడుస్తూ, జడ వేస్తూ మాట్లాడగలిగే నటి కావాలి, ఎందుకంటే ఆమె సీన్లన్నీ వేరేవాళ్ల మాటల మధ్య ఏదో పని చేస్తూ ఉండేవే, చూసేవాళ్లు ఆమెని ఇంట్లో మనిషిగా లెక్కేసి పట్టించుకోకుండా ఉండాలి. పట్టించుకోకపోవడం వల్లే కదా ఇంత జరిగింది.

ఇలాంటి పాత్రలకి పిలిచేటప్పుడు "సైడ్ రోల్ అండీ" అనకండి, దయచేసి. బిమల్ రాయ్ 1955 దేవదాస్‌లో చంద్రముఖిగా చేసిన వైజయంతిమాల, తనది పార్వతి పాత్రతో సమానమైన పాత్ర అని, సహాయ నటిగా వచ్చిన ఫిల్మ్‌ఫేర్ అవార్డుని తీసుకోలేదు. ఆవిడ అన్నది న్యాయం. మా బడ్జెట్‌లో ఎమీలియాకీ డెస్డిమోనాకీ ఒకే పారితోషికం, పోస్టర్ మీద ఒకే సైజు పేరు.

వయసులు, చిన్న పాత్రలు

వయసు విడిగా చూడకండి, పక్కపక్కన నిలబెట్టి చూడండి. ఒలీవియర్ 1948లో హామ్లెట్ తీసి తనే హీరో వేశాడు, తల్లిగా వేసిన ఐలీన్ హెర్లీ అతనికంటే పదకొండేళ్లు చిన్నది. హామ్లెట్‌నే హిందీలో తీసిన 2014 హైదర్‌లో తల్లిగా చేసిన టబు షాహిద్ కపూర్ కంటే పదేళ్లే పెద్ద, కానీ అక్కడ ఆ దగ్గరితనమే తల్లీకొడుకుల బంధంలో ఉన్న ఇబ్బందిని చూపించింది, కావాలని చేసిన ఎంపిక అది. రోమియో జూలియట్‌లో జూలియట్‌కి ఇంకా పద్నాలుగు నిండలేదు. 1936 హాలీవుడ్ సినిమాలో రోమియోగా వేసిన లెస్లీ హోవర్డ్‌కి నలభై దాటాయి, జూలియట్ నార్మా షియరర్‌కి ముప్పై దాటాయి, ఆ వయసువాళ్లు అంత తొందరపడితే నమ్మబుద్ధి కాదు. జెఫిరెల్లి 1968లో నిజంగా టీనేజర్లనే తీసుకుంటే తొందరపాటు సహజంగా అనిపించింది. కానీ అందులో వాళ్లని నగ్నంగా చూపించిన సన్నివేశం మీద 2022 చివర్లో ఆ ఇద్దరు నటులే కోర్టుకెళ్లారు. కేసు నిలబడలేదు గానీ, అన్నేళ్లు మోసుకుని తిరిగిన బాధ అది. పద్దెనిమిది లోపు పిల్లలతో అలాంటి సీన్ ఏ రూపంలోనూ వద్దు, ఇందులో చర్చ లేదు. పద్దెనిమిది దాటి చిన్నగా కనిపించేవాళ్లని తీసుకోండి.

చిన్న పాత్రల సంగతి తొందరగా చెప్పేస్తాను. తీసేయగలిగినవి తీసేయండి, ఒలీవియర్ హామ్లెట్‌లో హీరో పాత స్నేహితులైన రోజెన్‌క్రాంట్జ్‌నీ గిల్డెన్‌స్టర్న్‌నీ మొత్తం లేపేశాడు. ఉంచితే గుర్తుండిపోయేలా ఉంచండి, హైదర్‌లో అదే జంటని వీడియో షాపు నడిపే ఇద్దరు సల్మాన్లు చేశారు, మక్బూల్‌లో మాక్‌బెత్‌కి జోస్యం చెప్పే మంత్రగత్తెల స్థానంలో ఓం పురి, నసీరుద్దీన్ షా ఇద్దరు పోలీసులుగా వచ్చారు. రోడ్రిగోని మాత్రం కమెడియన్‌కి అప్పగించి వదిలేయకండి, అతను కూడా నమ్మి చచ్చినవాడే.

ఆడిషన్ రోజు, ఆ తర్వాత

పెద్ద ఖర్చేం లేదు. ఒక గది, రెండు కుర్చీలు, ఫోన్ కెమెరా, కిటికీ వెలుతురు. రోజుకి ఆరుగురికి మించి పిలవకండి, ఏడో మనిషిని మీరు నిజంగా చూడరు. ఎవర్నీ ఒంటరిగా చేయించకండి, ప్రతి సీన్‌కీ ఎదుట ఒక మనిషి ఉండాలి, ఆ ఎదుట మనిషిని మార్చి మళ్లీ చేయించండి. ఇద్దరు తేలాక పాత్రలు అటూ ఇటూ మార్పించండి. 1881లో లండన్ లైసియం థియేటర్‌లో ఎడ్విన్ బూత్, హెన్రీ ఇర్వింగ్ ఒథెల్లో, ఇయాగో పాత్రల్ని మార్చుకుంటూ వేశారు. మనకి అంత అక్కర్లేదు, రిహార్సల్‌లో ఒక్క పూట మార్చుకున్నా చాలు, ఒథెల్లో వేసేవాడికి ఇయాగో ఎంత భయంభయంగా అబద్ధం ఆడతాడో తెలుస్తుంది, ఇయాగో వేసేవాడికి ఆ అబద్ధం వినేవాడి గుండె ఎలా జారుతుందో తెలుస్తుంది. మా మెడికల్ షాపు కుర్రాడు ఒథెల్లోగా చదివిన రోజు మధ్యలో ఆగిపోయి, "అన్నా, నేను రేపట్నుంచి ఇలా చెప్పాలా ఇతనికి?" అన్నాడు. ఆ ప్రశ్న వచ్చిన రోజున అతని మీద నాకున్న చివరి అనుమానం పోయింది.

చంపే సీన్ కోసం ముందే మాట్లాడుకోండి, షూటింగ్ రోజు కాదు, ఎంపిక చేసే రోజే. దిండు నొక్కే సీన్ ఉంటుందని ఆ నటికి సీన్ పేపర్ చేతిలో పెట్టి చెప్పండి, కాదంటే బతిమాలొద్దు. కెమెరా లేకుండా నాలుగైదుసార్లు నెమ్మదిగా చేయించండి. నటుడి బరువంతా మంచం మీదే ఉండాలి, దిండు మీద కాదు. ఆమె మంచం మీద అరచేత్తో రెండుసార్లు తడితే ఎవరు ఏం చేస్తున్నా ఆగిపోవాలి, టేక్ ఎంత బాగా వస్తున్నా సరే. ఆమెకి నమ్మకమున్న ఒక ఆడమనిషి గదిలో ఉండాలి. ఒథెల్లో వేసేవాడి గురించి కూడా ఆలోచించండి, మా అతను ఆ రాత్రి అన్నం తినలేదు, ఎవరో ఒకరు పక్కన పడుకోవాల్సి వచ్చింది.

ఇక వస్తువు. రుమాలు మన కథలో పనిచేయదు, తల్లి ఇచ్చిందన్న బరువు దానికి రాదు. ఓంకారాలో దాన్ని వడ్డాణం చేశారు. మేము వెండి కుంకుమ భరిణె పెట్టుకున్నాం, ఒథెల్లో తల్లిది, ఊరొదిలి వచ్చేటప్పుడు మూట అడుగున పెట్టుకుని తెచ్చుకున్నది. మూత వదులు, మూస్తే చిన్న చప్పుడు వస్తుంది. మొదటి రిహార్సల్ అయ్యాక దాన్ని ఆర్ట్ డిపార్ట్‌మెంట్ పెట్టెలో దాచకుండా డెస్డిమోనా వేసే అమ్మాయికి ఇచ్చేశాం, వారం రోజులు ఇంట్లో రోజూ అందులోంచే బొట్టు పెట్టుకోమని. ఎనిమిదో రోజు ఎమీలియా వేసే ఆవిడ ఆమె బ్యాగులోంచి చెప్పకుండా తీసుకోవాలి, అది మా ఇద్దరి ఒప్పందం. సాయంత్రం ఆ అమ్మాయి బ్యాగంతా కుమ్మరించి, మంచం కింద ఫోన్ లైటు వేసి వెతుకుతుంటే, ఎమీలియా పక్కనే నిలబడి చీర మడతపెడుతూ "ఎక్కడికి పోతుందిలే, ఉంటుంది" అంది. మేము చివరికి సినిమాలో పెట్టుకున్న డైలాగు అదే. అయిదు నిమిషాల్లో భరిణె చూపించి అసలు సంగతి చెప్పేశాం, ఆ అమ్మాయి ముందు కోప్పడింది, తర్వాత ఎమీలియా చేతిలోంచి దాన్ని లాక్కుని మూత తీసి, కుంకుమ ఒలికిందేమో చూసుకుంది.